ఏ లోహం ఏ లోహాన్ని వెళ్ళగొడుతుంది?

మైలుతుత్తం కలిపిన నీళ్ళలో శుభ్రంగా గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకు ఒకటి వేసి, అరగంట పోయాక తీసి చూడండి. మేకు ఎర్రగా రాగిపూత పూసుకొని ఉంటుంది. అవే నీళ్ళలో వెండి తీగ వేసి రాత్రంతా ఉంచండి. తీగకు గాని నీళ్ళకు గాని ఏమీ కాదు. మేకుకు పట్టిన రాగి తీగకు ఎందుకు పట్టలేదు? లోహాలకు క్రియాశీలత శ్రేణి అని ఒకటుంది, అందులో పైనున్న లోహం కిందనున్న లోహాన్ని దాని లవణ ద్రావణంలోంచి వెళ్ళగొడుతుంది, ఇనుము రాగికి పైన ఉంది, వెండి కింద ఉంది, అంతే సంగతి అని హైస్కూల్లోనే మనకు చెప్పేశారు. మనమూ పొటాషియం, సోడియం, కాల్షియం అంటూ ఎక్కాల్లాగా వల్లించి మార్కులు తెచ్చుకున్నాం.

ఇప్పుడు ఒక చిన్న దృశ్యం ఊహించుకోండి. ప్రాక్టికల్ పరీక్ష. వైవా అడుగుతున్న ఎగ్జామినరుగారు ఒక అల్యూమినియం రేకుముక్క తీసి చూపించి, "దీన్ని కాపర్ సల్ఫేటు ద్రావణంలో వేస్తే ఏమవుతుందోయ్?" అని అడిగారు. "రాగి బయట పడుతుంది సార్. అల్యూమినియం శ్రేణిలో ఇనుము కంటె కూడా ఎంతో పైన ఉంది" అని మనవాడు ఠక్కున చెప్పాడు. "అయితే వేసి చూడు" అన్నారాయన. వేశాడు. ఐదు నిమిషాలయింది, పది నిమిషాలయింది. రేకుముక్క తెల్లగా మెరుస్తూ అలాగే ఉంది. తెల్లబోయింది మనవాడి ముఖమే.

మనవాడు చెప్పింది తప్పా? శ్రేణి అబద్ధమా? రెండూ కాదు. శ్రేణి చెప్పేది ఒకటి, మనం దానిచేత చెప్పించాలని చూసేది మరొకటి. చర్య ఏ వైపుకు మొగ్గుతుందో శ్రేణి చెబుతుంది. అది ఎంత త్వరగా జరుగుతుందో, అసలు మన కళ్ళ ముందు జరుగుతుందో లేదో అది చెప్పదు. ఈ తేడా తెలియకపోతే విద్యార్థికి నాలుగు మార్కులు పోతాయి. ఇదే తేడా తెలియకపోతే ఒక కర్మాగారంలో లక్షల లీటర్ల ద్రావణం పనికిరాకుండా పోతుంది. ఆ సంగతి ఈ వ్యాసం చివరలో చూద్దాం. ముందు మేకు దగ్గరికి వెళ్దాం.

ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోవడం

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు. నీళ్ళలో కరిగినప్పుడు అందులోని రాగి, లోహంగా ఉండదు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకొని ధనావేశం గల అయాన్‌గా తిరుగుతూ ఉంటుంది. ద్రావణానికి ఆ నీలిరంగు ఈ అయాన్ల వల్లనే. ఇనుప మేకులోని పరమాణువు ఒకటి తన రెండు ఎలక్ట్రాన్లను రాగి అయాన్‌కు ఇచ్చి, తాను అయాన్‌గా మారి నీళ్ళలోకి దిగుతుంది. ఎలక్ట్రాన్లు పుచ్చుకున్న రాగి లోహమై మేకుమీద కూర్చుంటుంది.

ఇనుము + కాపర్ సల్ఫేటు → ఫెర్రస్ సల్ఫేటు + రాగి

ఈ ఫెర్రస్ సల్ఫేటునే మన పెద్దలు అన్నభేది అంటారు. కాబట్టి వాడుక మాటల్లో చెప్పాలంటే, మైలుతుత్తం నీళ్ళలో ఇనుము వేస్తే మైలుతుత్తం పోయి అన్నభేది వస్తుంది, రాగి మిగులుతుంది. నీలిరంగు క్రమంగా వెలిసిపోయి లేత ఆకుపచ్చ రావడం అందుకే. సల్ఫేటు భాగం ఈ గొడవలో ఏమీ కలుగజేసుకోదు, మొదట ఎలా ఉందో చివర అలాగే ఉంటుంది.

లెక్క కూడా కచ్చితంగా ఉంటుంది. ఇనుము పరమాణుభారం 55.8, రాగిది 63.5. అంటే సుమారు 56 గ్రాముల ఇనుము కరిగితే 63.5 గ్రాముల రాగి వస్తుంది. ఒక కిలో మైలుతుత్తం స్ఫటికాల్లో దాదాపు 255 గ్రాముల రాగి ఉంటుంది. దాన్నంతా బయటికి రప్పించడానికి సుమారు 224 గ్రాముల ఇనుము చాలు. మేకు బరువు తగ్గదు, పెరుగుతుంది. జింకు ముక్క వేస్తే మాత్రం బరువు కొద్దిగా తగ్గుతుంది, ఎందుకంటే జింకు పరమాణుభారం 65.4, రాగి కంటె కాస్త ఎక్కువ.

దీన్ని స్థానభ్రంశ చర్య అంటున్నాం గాని, వెనకటి రోజుల్లో ఈ చర్యను చూసినవారు ఇనుమే రాగిగా మారిపోయిందనుకున్నారు. చైనాలో 11వ శతాబ్దంలో షెన్ కువో అనే పండితుడు, చేదు ఊటనీటిని ఇనుప పాత్రలో కాచి మైలుతుత్తం తీస్తారనీ, చాలా కాలానికి ఆ పాత్ర కూడా రాగి అవుతుందనీ రాశాడు. ఆ కాలంలోనే, సుంగ్ వంశపు రాజుల ఏలుబడిలో, గని నీళ్ళలో ఇనుప ముక్కలు వేసి రాగి తీయడం అక్కడ పెద్ద పరిశ్రమగా సాగింది. యూరప్‌లోని రసవాదులకైతే ఇది కళ్ళముందు కనిపించే లోహ పరివర్తన! ఇనుము రాగి కాగలిగితే సీసం బంగారం ఎందుకు కాకూడదని వారి ఆశ. మేకు ఎంత తరిగిందో, ద్రావణంలో ఏం చేరిందో తూచి చూసిన తరువాత గాని ఆ భ్రమ వదలలేదు. మారింది ఇనుము కాదు, చోటు మాత్రమే.

నిచ్చెనకు మెట్ల కొలతలు

ఎవరు ఎవరికి ఎలక్ట్రాన్లు ఇస్తారన్నది ఎలా తెలుస్తుంది? మొదట ప్రయోగాలు చేసి చూడడమే మార్గం. రష్యన్ రసాయన శాస్త్రజ్ఞుడు బెకెటొవ్ అనేక లోహాలను అనేక లవణ ద్రావణాల్లో వేసి, ఏది దేన్ని వెళ్ళగొడుతుందో చూసి, 1865లో ఒక శ్రేణిని ప్రకటించాడు. కాని ఒకటి రెండవదాని పైన ఉందని చెప్పినంత మాత్రాన ఎంత పైన ఉందో తెలియదు. క్లాసులో ఫస్టు వచ్చినవాడికీ సెకండు వచ్చినవాడికీ మధ్య ఒక మార్కు తేడా ఉండవచ్చు, వంద మార్కులూ ఉండవచ్చు. రాంకు ఆ సంగతి చెప్పదు గదా!

మార్కుల లెక్క ఇచ్చింది విద్యుత్తు. 1836లో డేనియల్ చేసిన ఘటాన్ని గుర్తు తెచ్చుకోండి. జింకు సల్ఫేటులో జింకు కడ్డీ, కాపర్ సల్ఫేటులో రాగి కడ్డీ, మధ్యలో మట్టికుండ గోడ. జింకు ఇచ్చే ఎలక్ట్రాన్లు రాగి అయాన్లకు నేరుగా చేరకుండా తీగ చుట్టూ తిరిగి చేరతాయి. ఆ దారిలో ఒక ఓల్టుమీటరు పెడితే 1.10 ఓల్టులు చూపిస్తుంది. ఆ 1.10 ఓల్టులే రాగికీ జింకుకూ మధ్యనున్న ఎత్తు.

ఈ విధంగా అన్ని లోహాలనూ హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో పోల్చి, హైడ్రోజన్‌ను సున్నాగా పెట్టుకొని కొలిచినవే ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్‌లు. మనకు పనికివచ్చే కొన్నింటిని ఓల్టులలో ఇక్కడ ఇస్తున్నాను:

మెగ్నీషియం −2.37
అల్యూమినియం −1.66
జింకు −0.76
ఇనుము (ఫెర్రస్) −0.44
కాడ్మియం −0.40
కోబాల్టు −0.28
నికెల్ −0.25
తగరం −0.14
సీసం −0.13
హైడ్రోజన్ 0
రాగి +0.34
వెండి +0.80

జోస్యం చెప్పే సూత్రం చాలా తేలిక. ద్రావణంలో ఉన్న లోహపు అంకెలోంచి, మనం వేసే లోహపు అంకెను తీసివేయాలి. ఫలితం ధనాత్మకమైతే చర్య జరిగే వైపుకు మొగ్గు ఉన్నట్టు, ఋణాత్మకమైతే లేనట్టు. కాపర్ సల్ఫేటులో ఇనుము: 0.34 − (−0.44) = 0.78. మొగ్గు ఉంది. కాపర్ సల్ఫేటులో వెండి: 0.34 − 0.80 = −0.46. లేదు. దాన్నే తిరగేసి సిల్వర్ నైట్రేటులో రాగితీగ వేస్తే +0.46 వస్తుంది. వేసి చూడండి. కాసేపట్లో తీగ చుట్టూ వెండి కొమ్మలు కొమ్మలుగా మొలుస్తుంది, తెల్లని ద్రావణం నీలంగా మారుతుంది. ప్రయోగశాలలో దీనికంటె అందమైన దృశ్యం అరుదు.

తేడా ఎంత ఉంటే నమ్మవచ్చు?

పై అంకెలన్నీ ప్రమాణ పరిస్థితులకు చెందినవి. అనగా 25 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, లీటరుకు ఒక మోల్ చొప్పున అయాన్లు ఉన్నప్పటివి. మన బీకరులో ఎప్పుడూ అదే గాఢత ఉండదు. గాఢత మారితే పొటెన్షియల్ ఎంత మారుతుందో 1889లో నెర్న్‌స్ట్ ఇచ్చిన సమీకరణం చెబుతుంది. రెండు ఆవేశాలున్న అయాన్ల విషయంలో గాఢత పదో వంతుకు తగ్గిన ప్రతిసారీ పొటెన్షియల్ సుమారు 0.03 ఓల్టు కిందికి దిగుతుంది.

జింకు, రాగి జతలో 1.10 ఓల్టుల తేడా ఉంది. దాన్ని సున్నా చేయాలంటే రాగి అయాన్ల గాఢతను పదో వంతుకు, మళ్ళీ పదో వంతుకు, అలా 37 సార్లు తగ్గించాలి. ఆచరణలో రాగి అంతా బయటపడినట్టే. గాఢత తేడాలు ఇలాంటి జతను ఏమీ చేయలేవు.

ఇప్పుడు తగరం, సీసం చూడండి. మధ్యనున్నది 0.01 ఓల్టు మాత్రమే. శ్రేణిలో తగరం పైన ఉంది కాబట్టి లెడ్ నైట్రేటులోంచి సీసాన్ని వెళ్ళగొడుతుందని పుస్తకం ప్రకారం చెప్పవచ్చు. కాని లెక్క వేస్తే, తగరపు అయాన్ల గాఢత సీసపు అయాన్ల గాఢతకు సుమారు రెండింతలు కాగానే సమతాస్థితి వస్తుంది. అంతకు మించి తగరపు లవణం ఉన్న ద్రావణంలో సీసం వేస్తే చర్య వెనక్కి నడుస్తుంది, కిందనున్న సీసమే పైనున్న తగరాన్ని వెళ్ళగొడుతుంది! కాబట్టి పట్టికలో పక్కపక్క మెట్లమీద ఉన్నవారి మధ్య తీర్పు చెప్పేటప్పుడు గాఢత అడగకుండా నోరు విప్పకూడదు.

జోస్యం తప్పే చోట్లు

తేడా పెద్దదిగానే ఉన్నా జోస్యం ఫలించని సందర్భాలు ఉన్నాయి. వాటిని వరసగా చూద్దాం.

మొదటిది, మన వైవా కథలోని అల్యూమినియం. రాగితో తేడా 2 ఓల్టులు. ఐనా చర్య కనిపించలేదు. అల్యూమినియం గాలి తగలగానే తనమీద ఆక్సైడు పొరను కప్పుకుంటుంది. కంటికి కనిపించనంత పలచని ఆ పొర ఎంతో గట్టిది, ఎడం లేనిది. ద్రావణంలోని రాగి అయాన్లకు లోహం తగలనే తగలదు. ఇప్పుడు ఆ బీకరులోనే చిటికెడు వంట ఉప్పు వేయండి. కాసేపటికి రేకుమీద ఎర్రని మచ్చలు మొదలై, బుడగలు లేచి, బీకరు వెచ్చబడి, రాగి పొడిపొడిగా రాలుతుంది. ఉప్పులోని క్లోరైడు అయాన్లు ఆక్సైడు పొరకు తూట్లు పొడిచాయి. సల్ఫేటుకు ఆ శక్తి లేదు. కాపర్ సల్ఫేటుకు బదులు కాపర్ క్లోరైడు వాడితే ఉప్పు కూడా అక్కరలేదు. చర్య మొగ్గు మొదటినుంచీ ఉంది, తలుపు మాత్రమే మూసి ఉంది.

ఇనుముకూ ఇలాంటి తలుపు వేయవచ్చు. బాగా గాఢమైన నైట్రిక్ ఆమ్లంలో ముంచి తీసిన ఇనుము, కాపర్ సల్ఫేటులో వేసినా రాగిని పూసుకోకుండా ఊరుకుంటుంది. దాన్ని ఒకచోట గీకామంటే చర్య మొదలవుతుంది. ఇటువంటి విచిత్రాన్ని 1790లోనే జేమ్స్ కైర్ రాసిపెట్టాడు. దీన్నే లోహాల స్తబ్ధత అంటాం.

రెండవది, సీసం. అంకెల ప్రకారం సీసం రాగిని వెళ్ళగొట్టాలి, తేడా 0.47 ఓల్టు. కాని కాపర్ సల్ఫేటులో వేస్తే చర్య మొదలవుతూనే ఆగిపోతుంది. ఏర్పడిన లెడ్ సల్ఫేటు నీళ్ళలో కరగదు, సీసం ఒంటిమీదే పొరగా పేరుకుంటుంది. కాపర్ నైట్రేటు తీసుకుంటే లెడ్ నైట్రేటు కరిగిపోతుంది, చర్య సాగుతుంది. లోహంతోబాటు లవణం ఏదన్నది కూడా అడగాలని దీనివల్ల తెలుస్తుంది.

మూడవది, సోడియం. శ్రేణిలో అగ్రస్థానాన ఉన్న సోడియాన్ని కాపర్ సల్ఫేటు ద్రావణంలో వేస్తే రాగి రాలుతుందని పరీక్షలో రాసేవారు ఏటా కొందరుంటారు. సోడియానికి రాగి అయాన్ దాకా వెళ్ళే ఓపిక ఎక్కడిది? చుట్టూ ఉన్న నీళ్ళమీదే పడుతుంది. హైడ్రోజన్ వస్తుంది, సోడియం హైడ్రాక్సైడు ఏర్పడుతుంది, అది కాపర్ సల్ఫేటుతో కలిసి నీలంగా కాపర్ హైడ్రాక్సైడు అవక్షేపమవుతుంది. మంట లేచి పేలే ప్రమాదం ఉంది కాబట్టి ఈ ప్రయోగం ఎవరూ సొంతంగా చేయరాదు. నీటిని భరించగల లోహాలకే ఈ సూత్రం నికరంగా వర్తిస్తుంది.

నాలుగవది కొంచెం గడుసు ప్రశ్న. రేడియో సర్క్యూట్లు చేసుకునే కుర్రాళ్ళకు తెలుసు, రాగి పూసిన బోర్డును ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఉంచితే అక్కరలేనిచోట రాగి కరిగిపోతుంది. ఇనుము కంటె కిందనున్న రాగి ఇనుప లవణంతో ఎలా చర్య జరిపింది? ఇక్కడ రాగి ఇనుమును లోహంగా వెళ్ళగొట్టలేదు. మూడు ఆవేశాల ఫెర్రిక్ అయాన్‌ను రెండు ఆవేశాల ఫెర్రస్ అయాన్‌గా దించింది, అంతే. ఆ మార్పు పొటెన్షియల్ +0.77, రాగిది +0.34. తేడా +0.43. సూత్రం తప్పలేదు, మనం చూడవలసిన వరస వేరు. మేకు ప్రయోగంలో ఇనుము ఎప్పుడూ ఫెర్రస్‌గానే ఎందుకు దిగుతుందో కూడా దీనితో తేలిపోయింది. ఫెర్రిక్ వస్తే అది బయటపడిన రాగినే మళ్ళీ తినేస్తుంది.

రైతు చేతి కొడవలి

అయాన్ ద్రావణంలో ఏ రూపంలో ఉందన్నది ఎంత ముఖ్యమో మన పల్లెల్లో తోటలు పెంచేవారిని చూసి నేర్చుకోవచ్చు. నిమ్మ, బత్తాయి తోటలకూ తమలపాకు తోటలకూ బోర్డో మిశ్రమం వాడతారు. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల తెగులు మీద పరిశోధన చేసి మిలార్డే 1885లో దీన్ని లోకానికి తెలియజేశాడు. 1 శాతం మిశ్రమానికి ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు కావాలి. రెండింటినీ విడివిడిగా కలిపి తరువాత ఒకచోట పోస్తారు. ఇనుప డ్రమ్ముల్లో కలపకూడదని, మట్టి తొట్లో ప్లాస్టిక్ తొట్లో వాడమని చెబుతారు. ఎందుకో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. తెగులుమీద పనిచేయవలసిన రాగి కాస్తా డ్రమ్ము గోడకు అంటుకుంటుంది.

మిశ్రమం కుదిరిందో లేదో చూడడానికి రైతు ఏం చేస్తాడు? మెరిసేట్టు నూరిన కొడవలినో చాకునో అందులో ముంచి కాసేపుంచుతాడు. దానిమీద ఎర్రని పూత కనిపిస్తే మిశ్రమం ఇంకా పచ్చిగా ఉందన్నమాట. ఇంకొంచెం సున్నపునీరు పోసి మళ్ళీ చూస్తాడు. పూత పడనప్పుడే చెట్లమీద చల్లుతాడు. సున్నం చాలినంత ఉంటే రాగి అంతా కరగని సమ్మేళనంగా మారి ఉంటుంది, విడి అయాన్లు దాదాపు ఉండవు, కాబట్టి ఇనుముమీద పూత పడదు. సున్నం తక్కువైతే విడి రాగి అయాన్లు మిగిలి ఆకులను మాడ్చేస్తాయి. స్థానభ్రంశ చర్యను జోస్యంగా కాక సాక్షిగా నిలబెట్టడమంటే ఇదే. ఆ చాకుమీద ఒక ఏడాది పంట ఆధారపడి ఉంటుంది.

అయాన్లను ఇలా పట్టి ఉంచే పని సయనైడు మరింత గట్టిగా చేస్తుంది. మామూలు ద్రావణంలో బంగారు అయాన్ పొటెన్షియల్ వెండి కంటె ఎంతో ఎగువన ఉంటుంది. సయనైడుతో సంక్లిష్ట అయాన్ ఏర్పడితే అది సున్నాకు దిగువకు, సుమారు −0.6 ఓల్టుకు పడిపోతుంది. అందుకే గాలి తగిలే సయనైడు ద్రావణంలో బంగారం వంటి లోహం కూడా కరిగిపోతుంది. 1887లో మకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంటు పొందిన బంగారం వెలికితీత పద్ధతికి ఇదే మూలం. 2001లో మూతపడిన కోలారు గనుల దగ్గర గుట్టలు గుట్టలుగా ఉన్న సయనైడు మట్టి ఆ పద్ధతి మిగిల్చినదే. అలా కరిగిన బంగారాన్ని తిరిగి లోహంగా రాబట్టడానికి ఈ పద్ధతిలో జింకు వాడతారు. సయనైడులో జింకు ఇంకా కిందికి, −1.26 దాకా దిగుతుంది కాబట్టి మొగ్గు అటే ఉంటుంది. అంటే మనం వల్లించే పట్టిక మామూలు నీటి ద్రావణాలకు వేసినది, సయనైడుకు వేరే పట్టిక రాసుకోవాలి.

జింకును జింకుతోనే శుభ్రం చేయడం

ఇక మొదట మాట ఇచ్చిన కర్మాగారం కథ. విశాఖపట్నంలో హిందుస్థాన్ జింక్ వారి స్మెల్టరు 1977లో ప్రారంభమై 2012 వరకు నడిచింది. ఈ తరహా కర్మాగారాల్లో వేయించిన జింకు ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, ఆ జింకు సల్ఫేటు ద్రావణంలోకి విద్యుత్తును పంపి, అల్యూమినియం కాథోడు రేకులమీద జింకును రాబడతారు. ఖనిజంతోబాటు రాగి, కాడ్మియం, నికెల్, కోబాల్టు కూడా కొద్దికొద్దిగా ద్రావణంలోకి వచ్చేస్తాయి. వీటిని తీసివేయకుండా విద్యుత్తు పంపకూడదు. తీసివేసే ఉపాయం మన మేకు ప్రయోగమే. ద్రావణంలో జింకు పొడి వేస్తారు. జింకు తాను కరిగి, తన కింద ఉన్నవాటిని లోహాలుగా బయటికి నెడుతుంది. కరిగిన జింకు వల్ల ద్రావణం చెడదు, అది కూడా జింకు సల్ఫేటే గదా!

ఇక్కడ పట్టిక తీసి జోస్యం చెప్పండి. జింకుతో పోలిస్తే రాగి తేడా 1.10, కోబాల్టు తేడా 0.48, కాడ్మియం తేడా 0.36. కనుక రాగి అన్నిటికంటె తేలికగా, తరువాత కోబాల్టు, ఆఖరున కాడ్మియం రావాలి. జరిగేది అది కాదు. రాగి, కాడ్మియం ఓ మోస్తరు వేడిలోనే వచ్చేస్తాయి. కోబాల్టు మాత్రం మొండికేస్తుంది. ద్రావణాన్ని బాగా వేడిచేసి, ఆంటిమొని లేక ఆర్సెనిక్ సమ్మేళనాలను కొద్దిగా చేర్చితే గాని కదలదు. మొగ్గు చాలినంత ఉంది, వేగమే లేదు. అల్యూమినియం విషయంలో అడ్డం వచ్చింది లోహం మీది పొర. ఇక్కడ అడ్డం చర్య నడిచే దారిలోనే ఉంది.

పోనీ ఆ కాస్త కోబాల్టు ఉంటే ఏమవుతుంది? లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో ఉన్నా చాలు, కాథోడుమీద కోబాల్టు చుక్కలు చుక్కలుగా చేరి, అక్కడ హైడ్రోజన్ సులభంగా విడుదల కావడం మొదలవుతుంది. పడిన జింకు తిరిగి ఆమ్లంలో కరుగుతుంది. ఖర్చుపెట్టిన కరెంటంతా హైడ్రోజన్ బుడగల పాలు. పట్టికను మాత్రమే నమ్మి, కాడ్మియం పోయింది కాబట్టి కోబాల్టు ఎప్పుడో పోయి ఉంటుందనుకున్న ఇంజనీరు గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇందులో ఇంకొక తమాషా ఉంది. పట్టిక ప్రకారం జింకు కంటె హైడ్రోజన్ ముందు రావాలి. ఆమ్లపు నీళ్ళలోంచి విద్యుత్తుతో జింకు రావడమే అసాధ్యం కావాలి. వస్తున్నదంటే, శుద్ధమైన జింకు ఉపరితలంమీద హైడ్రోజన్ విడుదల చాలా నిదానం కాబట్టి. అంటే ఒక చర్య నిదానం వల్లనే ఆ కర్మాగారం బతుకుతుంది, ఇంకొక చర్య నిదానం వల్ల చిక్కుల్లో పడుతుంది. మన లాబ్‌లో హైడ్రోజన్ తయారుచేసేటప్పుడు శుద్ధమైన జింకు సరిగా పనిచేయకపోతే నాలుగు చుక్కలు కాపర్ సల్ఫేటు వేయమంటారు గుర్తుందా? జింకు ఆ రాగిని తనమీదికి తెచ్చుకుంటుంది, రాగిమీద హైడ్రోజన్ సులువుగా వస్తుంది. కర్మాగారం భయపడే చర్యా, మనం కోరి తెచ్చుకునే చర్యా ఒకటే.

అడగవలసిన ప్రశ్నలు

కనుక ఏదైనా లోహాన్ని ఏదైనా ద్రావణంలో వేస్తే ఏమవుతుందని అడిగినప్పుడు, జవాబు చెప్పేముందు ఈ ప్రశ్నలు వేసుకుంటే మంచిది:

1. రెండు పొటెన్షియల్‌ల తేడా ఏ గుర్తుతో ఉంది, ఎంత ఉంది? తేడా చిన్నదైతే గాఢతలు ఏమిటి?

2. ద్రావణంలో లోహం విడి అయాన్‌గా ఉందా, ఏదైనా దాన్ని పట్టి ఉంచిందా? అయాన్‌కు ఎన్ని ఆవేశాలు?

3. వేసే లోహం నీటిని భరిస్తుందా?

4. లోహం ఒంటిమీద పొర ఉందా? చర్యలో కరగని పదార్థం ఏదైనా పుడుతుందా?

5. మొగ్గు ఉన్నా వేగం ఉందా? లేకపోతే వేడి గాని, తోడు పదార్థం గాని కావాలా?

మొదటి ప్రశ్నకు జవాబు పట్టికలో దొరుకుతుంది. తక్కినవాటికి చాలావరకు బీకరులోనే దొరకాలి. మన వైవా కుర్రవాడు, "మొగ్గు ఉంది సార్, కాని పైన ఆక్సైడు పొర ఉంది, కొంచెం ఉప్పు వేయనిస్తే రాగి చూపిస్తాను" అని ఉంటే, ఆ ఎగ్జామినరుగారు పూర్తి మార్కులు వేసి పంపేవారే. ఈసారి లాబ్‌కు వెళ్ళినప్పుడు లెక్చరరుగారి అనుమతితో ఒక అల్యూమినియం ముక్క, కాస్త మైలుతుత్తం, చిటికెడు ఉప్పు తీసుకొని మీరే చేసి చూడండి. ఉప్పు వేయకముందు ఒక ఐదు నిమిషాలు ఓపికగా ఆగడం మాత్రం మరచిపోవద్దు.